పచ్చోడు అంటే ఎవడు?

మా హాస్టల్లో శనివారం రాత్రి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 మొదలయ్యే ముందే ఒక చిన్న యుద్ధం అయిపోతుంది. అది రంగుల కోసం. "బ్లూ నాది." "రెడ్ ఎవడూ ముట్టుకోకండ్రా." "నాకు ఆరెంజ్ వద్దు మావా, కలిసి రాదు." 1999లో వచ్చిన ఆట అది, మాలో చాలామందికంటే వయసులో పెద్దది. ఎనిమిది మంది ఆడొచ్చు. ఎనిమిది రంగులు: నీలం, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, టీల్, ఊదా, బూడిద, నారింజ. పైకి చూస్తే ఇది సెంటిమెంట్ వ్యవహారం. హీరో అభిమానం, ఐపీఎల్ టీమ్ అభిమానం, పోయినసారి గెలిచిన రంగు మీద నమ్మకం. అసలు సంగతి వేరే ఉంది. రంగు మనకు నచ్చడం కోసం పెట్టింది కాదు, ఎవరు ఎవరో తెలియడం కోసం పెట్టింది. ఆ పని అది చేస్తోందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు.

మొదటి చిక్కు భాషలోనే వస్తుంది. ఆట వేడెక్కాక ఎవడూ "గ్రీన్ ప్లేయర్ ఈజ్ అటాకింగ్" అనడు. "రేయ్, పచ్చోడు వస్తున్నాడు!" అని అరుస్తాడు. ఇక చూడండి తమాషా. పచ్చోడు అంటే ఎవడు? పచ్చిమిర్చి పచ్చా, పసుపు పచ్చా? మా ఒంగోలు వైపు పచ్చ చీర అంటే సగం మందికి పసుపు, సగం మందికి ఆకుపచ్చ. ఒకడు తూర్పు గోడకు పరిగెడతాడు, ఇంకొకడు పడమటి గోడకు. ఈలోగా అసలు పచ్చోడు వచ్చి టౌన్ సెంటర్ తగలబెట్టేస్తాడు. టీల్‌కు అయితే తెలుగులో నోటికి వచ్చే పేరే లేదు. "ఆ నీలం కాని నీలం" అనేలోపు గుర్రాలు లోపలికి వచ్చేస్తాయి. కళ్లకు తేడా తెలిస్తే సరిపోదు, అరిచేటప్పుడు నోటికీ తేడా తెలియాలి.

రెండో చిక్కు మా రూమ్మేట్ ద్వారా తెలిసింది. వాడి అనుమతితోనే రాస్తున్నా, పేరు మాత్రం వద్దన్నాడు. వాడిది పల్నాడు వైపు ఊరు, మిరప వేసే కుటుంబం. ఆటలో ఎప్పుడూ పసుపే తీసుకుంటాడు. అందరూ వాడి పార్టీ గురించి జోకులేసేవాళ్లు. వాడూ నవ్వి ఊరుకునేవాడు. కానీ వాడి మీద ఇంకో ముద్ర కూడా ఉంది. "వాడు సరిగ్గా ఆడడు, పక్కనోడి మీదకే సైన్యం పంపుతాడు" అని. నలుగురు-నలుగురు ఆడేటప్పుడు టీముల్లో వాణ్ణి చివర్లో తీసుకునేవాళ్లు. ఒకరోజు వాడే మామూలుగా చెప్పాడు: "నాకు ఆ ఎరుపూ, ఆకుపచ్చా మ్యాప్‌లో ఒకటే మావా. పసుపు ఒక్కటీ గ్యారంటీగా కనిపిస్తది. కనీసం నా సైన్యం నాకు తెలిస్తే చాలని అది తీసుకుంటా."

మిరప ఊళ్లో పుట్టినవాడికి ఈ చూపు ఉంటే ఎలా ఉంటుందో వాడు చెబుతుంటే వినాలి. కళ్లంలో ఎండబోసిన కాయల కుప్పతో వాడికి ఇబ్బంది లేదు. తాలు కాయ తెల్లబారి ఉంటుంది కాబట్టి ఏరేస్తాడు. కష్టమంతా చేలోనే. పచ్చటి ఆకుల మధ్య పండిన కాయ మనకు దీపంలా కనిపిస్తుంది. వాడికి ఆకారం చూసి వెతుక్కోవాలి. చిన్నప్పుడు కోతల సెలవుల్లో వాడు ఒక సాలు కోసి వచ్చాక వెనక చూస్తే పండు కాయలు అలాగే ఉండేవట. "వీడికి అంతా మేనమామ పోలిక" అనేది వాళ్లమ్మ. వాళ్ల మేనమామ కూడా కోతకు పనికిరాడని పేరు తెచ్చుకున్నవాడే.

మేనమామ పోలిక అన్నమాట ఇక్కడ అక్షరాలా శాస్త్రం. మన కంట్లో రంగు చూసే కోన్ కణాలు మూడు రకాలు. అందులో ఎరుపు వైపు, ఆకుపచ్చ వైపు పనిచేసే రెండింటి జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కన ఉంటాయి. మగవాడికి ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి నుంచే వస్తుంది. అందులో తేడా ఉంటే సర్దడానికి రెండోది లేదు. ఆడవాళ్లకు రెండు ఎక్స్‌లు ఉంటాయి కాబట్టి వాళ్లలో ఇది చాలా అరుదు. యూరప్ మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి, ఆడవాళ్లలో 0.5 శాతం మందికి ఈ తేడా ఉంటుందని లెక్క. మిగతా చోట్ల కొంత తక్కువ. మన చేలల్లో మిరపకాయ కోసే కూలీల్లో ఎక్కువమంది ఆడవాళ్లే అన్నది గుర్తొచ్చి నేను కాసేపు ఆలోచనలో పడ్డాను. కారణాలు కూలి రేటు వగైరా వేరే ఉండొచ్చు. కానీ ఆ పనికి కావాల్సిన చూపు మాత్రం వాళ్లకు నిండుగా ఉంది.

ఈ సంగతి మీద మొదటిసారి శ్రద్ధగా రాసింది పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టనే. తన చూపు గురించి తానే 1794లో మాంచెస్టర్‌లో ఒక సభకు వ్యాసం చదివాడు. ఆ సభ పేరు లిటరరీ అండ్ ఫిలసాఫికల్ సొసైటీ. అంటే మన క్లబ్బు లాంటిదే అని మనం గొప్పలు పోవచ్చు.

ఇక లెక్కకు వద్దాం. ఇద్దరు ఆడితే తేడా తెలియాల్సిన రంగుల జత ఒకటే. నలుగురైతే 6 జతలు. ఎనిమిది మందైతే 28. అందులో ఒక్క జత కలిసిపోయినా ఎవడో ఒకడు తప్పు గోడ కాపలా కాస్తాడు. మా రూమ్మేట్‌ను కూర్చోబెట్టి ఆ 28 జతలూ అడిగితే నాలుగు దగ్గర ఆగాడు: ఎరుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ-నారింజ, నీలం-ఊదా, టీల్-బూడిద. వాడొక్కడి సమస్యే కదా అనుకోవచ్చు. మగవాళ్లలో నూటికి నలుగురికే ఈ తేడా ఉందనుకుందాం. ఎనిమిది మంది అబ్బాయిలు ఆడే ఆటలో కనీసం ఒకడికి ఉండే అవకాశం 28 శాతం. ఎనిమిది శాతం అనుకుంటే 49. అంటే ఇంచుమించు బొమ్మా బొరుసూ.

పైగా మినీమ్యాప్ దగ్గర మామూలు చూపు కూడా అంత గొప్పదేమీ కాదు. రంగు తేడా కనిపించాలంటే కొంత విస్తీర్ణం కావాలి. మరీ చిన్న చుక్కల్లో నీలం-పసుపు తేడాలు పట్టే శక్తి అందరి కళ్లకూ తగ్గిపోతుంది. నాలుగైదు పిక్సెళ్ల చుక్క దగ్గర అందరం కొంచెం వర్ణాంధులమే.

మరి రంగులు ఎలా ఎంచాలి? మొదటి సూత్రం: రంగు కంటే ముందు వెలుగు చూడాలి. స్క్రీన్ మీద తెలుపు వెలుగు 100 అనుకుంటే పూర్తి పసుపు 93, టీల్‌కు దగ్గరైన సయాన్ 79, ఆకుపచ్చ 72, మెజెంటా 28, ఎరుపు 21, నీలం 7. ఆకుపచ్చకు మన కన్ను 0.7152 వంతు, ఎరుపుకు 0.2126, నీలానికి 0.0722 వంతు విలువ ఇస్తుందన్న సూత్రం నుంచి వచ్చే అంకెలివి. సిగ్నల్ ప్రాసెసింగ్‌లో బొమ్మను బ్లాక్ అండ్ వైట్ చేయడానికి వాడేది ఇలాంటి సూత్రమే. చూశారా, నిఖార్సయిన ఎరుపుకూ ఆకుపచ్చకూ వెలుగులో మూడు రెట్లకు పైగా తేడా ఉంది. కానీ గేమ్ ఆర్టిస్టులు అందం కోసం ఆకుపచ్చను ముదురు చేస్తారు. దాంతో అది ఎరుపు స్థాయికి దిగిపోతుంది. అప్పుడు ఆ రెంటికీ మిగిలే తేడా మా రూమ్మేట్ కళ్లు పట్టలేని తేడా ఒక్కటే.

రెండో సూత్రం: ఎరుపు-ఆకుపచ్చ గొడవ ఉన్నచోట నీలం-పసుపు నిలబడుతుంది. ఈ జత మన చేలల్లో ఇప్పటికే వేలాడుతోంది. మిరప, పత్తి చేలల్లో పురుగులకు కట్టే జిగురు అట్టలు చూడండి. తెల్లదోమకు పసుపువి, తామర పురుగులకు నీలంవి. అవి పురుగుల కళ్ల కోసం పెట్టినవే అనుకోండి, కానీ మా వాడు చేలో ఎంత దూరం నుంచైనా తడుముకోకుండా గుర్తుపట్టేవి ఆ రెండు అట్టలే. ఒకాబే, ఇతో అనే ఇద్దరు జపాన్ శాస్త్రవేత్తలు అందరి చూపుకూ పనికొచ్చేలా ఎనిమిది రంగులు కూర్చారు. నలుపు, నారింజ, ఆకాశ నీలం, నీలం కలిసిన ఆకుపచ్చ, పసుపు, నీలం, సింధూరం, ఎర్రటి ఊదా. సైన్స్ పత్రికల్లో గ్రాఫులకు దీన్ని బాగా వాడతారు. అందులో ఎరుపుకు బదులు సింధూరం ఉండటం, ఆకుపచ్చలో నీలం కలపడం గమనించండి. ఎక్కడ కలిసిపోతాయో అక్కడే రెంటినీ చెరోవైపు జరిపారు.

మూడో సూత్రం మేం చేతులారా నేర్చుకున్నది. ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కు మేం నలుగురం గోడాట్‌లో చిన్న స్ట్రాటజీ గేమ్ చేశాం. విషయం పల్నాటి యుద్ధం. ఒక మూల మాచర్ల, ఒక మూల గురజాల, మధ్యలో నాగులేరు, కారెంపూడి. మ్యాప్ నిండా నల్లరేగడి, పత్తి చేలు, మిరప చేలు. పన్నెండో శతాబ్దంలో మిరప ఎక్కడిదిరా అని మీరు అడుగుతారని తెలుసు. మిరప మన దేశానికి వచ్చింది పోర్చుగీసువాళ్ల తర్వాతే. అయినా మిరప లేని పల్నాడు ఎలా గీయాలో మా ఆర్టిస్టుకు తెలియలేదు, ఉంచేశాం.

రంగులు తేల్చడానికి అన్నీ వేసి నేల మీద నడిపించి చూశాం. ముదురు నీలం, ఊదా నల్లరేగడిలో మునిగిపోయాయి. తెలుపు, లేత బూడిద విచ్చిన పత్తిలో కలిసిపోయాయి. ఆకుపచ్చ లేత పైరులో పోయింది. ఎర్ర సైన్యం పండిన మిరప చేలోకి దిగగానే మా ముగ్గురికీ కూడా కనిపించకుండా పోయింది. స్క్రీన్ దగ్గరకు వంగి, కళ్లు చికిలించి, కదిలే చుక్క కోసం వెతుకుతున్నాం. వెనక నుంచి మా వాడి నవ్వు. "ఇదే మావా నా శనివారం రాత్రి." వాడు ఎన్నిసార్లు వివరించినా ఎక్కని సంగతి ఆ నిమిషంలో మా నలుగురికీ ఎక్కింది. రంగు ఒంటరిగా బాగుండదు, బాగోకపోదు. పక్కన ఏముంది, కింద ఏముంది అన్నదాన్ని బట్టే దాని బతుకు.

చివరికి వెలుగు మెట్ల ప్రకారం నాలుగు రంగులు పెట్టాం: పసుపు, ఆకాశ నీలం, ఎర్రటి ఊదా, ముదురు నీలం. ప్రతి బొమ్మ చుట్టూ సన్నటి తెల్ల గీత, దాని బయట నల్ల గీత. నేల ఏదైనా ఆ రెంటిలో ఒకటి తేలుతుంది. అయినా మినీమ్యాప్ చుక్కల్లో ఆకాశ నీలం, ఎర్రటి ఊదా దగ్గర మా వాడు ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆలోచించే టైమ్ ఉంటే అది స్ట్రాటజీ గేమ్ ఎందుకవుతుంది?

అప్పుడు పనికొచ్చింది మా నాయనమ్మ అష్టాచమ్మా. సుద్దతో అయిదు గళ్లు అయిదు వరసలు గీసి, నాలుగు గవ్వలు వేసి ఆడే ఆ ఆటలో కాయలు ఎలా ఉంటాయో గుర్తుందా? ఒకరికి చింతగింజలు, ఒకరికి గాజుముక్కలు, ఒకరికి గులకరాళ్లు, ఒకరికి చీపురుపుల్ల ముక్కలు. వాటి రంగెవరికి కావాలి? ఆకారం చాలు. మా ఊళ్లో కరెంటు పోయి దీపం గుడ్డిగా వెలుగుతున్నా ఆట ఆగేది కాదు. వెలుగు తగ్గితే కోన్ కణాలు పనిచేయవు, రంగులు అందరికీ పోతాయి. చింతగింజ మాత్రం చింతగింజలాగే ఉంటుంది. కొత్తగా ఆటలోకి వచ్చే పిల్లకు ఏ కాయ ఎవరిదో ఎవరూ వివరించేవాళ్లు కాదు. ఇలాంటి ఆటే లూడో పేరుతో ఫోన్లోకి వచ్చేసరికి ఆ జ్ఞానం పోయింది. నాలుగు ఒకేలాంటి బిళ్లలు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం.

మేం చుక్కల్ని తీసేసి గుండ్రం, త్రిభుజం, చతురస్రం, ప్లస్ పెట్టాం. మా వాడు వరసగా మూడు ఆటలు గెలిచాడు. నాలుగోది ఆడటానికి మేం ఒప్పుకోలేదు.

రంగుకు తోడు రెండో గుర్తు అన్నది కొత్త ఆలోచన కాదు. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో చదువు రాని ఓటర్ల కోసం ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. పార్టీకి రంగు ఎంత ఉన్నా బ్యాలెట్ మీద మనం వెతికేది ఇప్పటికీ గుర్తునే. ట్రాఫిక్ లైట్లో ఎరుపు పైన, ఆకుపచ్చ కింద. స్థానమే రెండో గుర్తు. లాక్‌డౌన్‌లో మనమంతా ఆడిన అమాంగ్ అస్‌లో వైర్లు కలిపే పనికి తర్వాత గుర్తులు చేర్చారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో కూడా మిత్ర-శత్రు రంగుల ఆప్షన్ ఉంది: నువ్వు నీలం, మిత్రులు పసుపు, శత్రువులు ఎరుపు. మా వాడికి అది హాయి. కానీ శత్రువులు నలుగురూ ఎరుపే అయ్యాక వచ్చేది ఎవడో తెలియదు. సగం పరిష్కారం.

ఇది ఆటతో పోయేదైతే ఇంత రాయను. మా వాడు ట్రిపుల్ ఈ. రెసిస్టర్ మీద గోధుమ-నలుపు-ఎరుపు అంటే 1 కిలో ఓమ్. గోధుమ-నలుపు-ఆకుపచ్చ అంటే 1 మెగా ఓమ్. మూడో పట్టీ ఒక్కటి తేడా చూస్తే వెయ్యి రెట్లు. వాడు ప్రతి రెసిస్టర్‌నూ మల్టీమీటర్‌తో కొలిచి వాడతాడు కాబట్టి వాడి సర్క్యూట్లు మాకంటే తక్కువ పోతాయి. అయినా ఒకసారి ల్యాబ్‌లో "రంగులు తెలియనివాడివి ఈ బ్రాంచ్ ఎందుకు తీసుకున్నావు" అనిపించుకున్నాడు. ఆ రోజు రూముకొచ్చి ఏమీ మాట్లాడలేదు. రైల్వేలో లోకో పైలట్ లాంటి కొన్ని ఉద్యోగాలకు రంగు చూపు పరీక్ష తప్పదు, దానికి అర్థమూ ఉంది. కానీ అన్నింటికీ అదే తలుపు వేయడం న్యాయం కాదు. తమిళనాడు విద్యుత్ సంస్థలో అసిస్టెంట్ ఇంజినీర్ పోస్టుకు ఎంపికై, వర్ణాంధత్వం కారణంగా ఉద్యోగం దక్కని ఒక ఇంజినీర్ కేసులో 2023లో సుప్రీంకోర్టు ఆయనకు తగిన విభాగంలో ఉద్యోగం ఇమ్మని చెప్పింది. ఆ వార్త ప్రింటవుట్ మా వాడి టేబుల్ మీద అంటించి ఉంది.

ఇంజినీరింగ్ చేయాల్సిన పని కూడా అదే కదా. మనిషిని మార్చలేం, తీగను మార్చొచ్చు. ఎర్త్ తీగకు ఉత్త ఆకుపచ్చ బదులు ఆకుపచ్చ మీద పసుపు చార పెడితే చూపు తేడా ఉన్నవాడు కూడా చార చూసి పట్టేస్తాడు. ప్రాణం కాపాడే ఆ చారకు ఎంత ఖర్చయి ఉంటుంది?

మీలో ఆట చేసేవాళ్లు, యాప్ చేసేవాళ్లు, ఫెస్ట్‌కు టీములకు టీషర్టులు ఎంచేవాళ్లు ఉంటారు. మూడు పరీక్షలు చేసి చూడండి. స్క్రీన్‌షాట్ తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి, తేడా మిగిలిందా? రంగుల పేర్లు గట్టిగా అరిచి చూడండి, పచ్చోళ్లు ఇద్దరు వచ్చారా? అసలు నేల మీద, అసలు సైజులో పెట్టి, ఎరుపు-ఆకుపచ్చ తేడా ఉన్న ఒక్కరికి చూపించండి. మీ సెక్షన్‌లో అలాంటివాళ్లు లేరనుకుంటే బహుశా వాళ్లు ఇంకా చెప్పలేదు, అంతే. పక్కనోడి మీదకు సైన్యం పంపేవాడు కనిపిస్తే ముందు వాడికి ఏం కనిపిస్తోందో అడగండి.

మన పత్రిక సంపాదకులకు కూడా ఒక మనవి. ఈసారి క్లబ్ సభ్యుల లెక్క పై చార్టులో వేస్తే, ఏ ముక్క ఏ బ్రాంచ్‌దో ముక్క మీదే రాయండి. పక్కన రంగుల పట్టిక పెట్టి వదిలేయకండి.